ఉబ్బసము - తరగతిగది గాలి

అన్నము లేక మనుష్యుడు కొన్ని వారములు జీవింపగలడు. నీరు లేక కొన్ని దినములు జీవింపగలడు. గాలి లేనిచో కొన్ని నిమిషములకు మించి నిలువజాలడు. ఇంత ముఖ్యమైన శ్వాసక్రియ రేయింబవళ్లు అప్రయత్నముగా జరుగుచుండుటచే దాని విలువ సాధారణముగా ఎవ్వరికిని స్ఫురింపదు. ఆ విలువను చక్కగా నెరిగినవారు ఉబ్బసరోగులు.

ఉబ్బసమును తెలంగాణ పల్లెలలో 'దమ్ము' అని వాడుదురు. 2019లో ప్రపంచమున 26 కోట్ల 20 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడిరనియు, ఆ యేట 4,55,000 మంది దీనిచే మరణించిరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపినది. పిల్లలకు వచ్చు దీర్ఘవ్యాధులలో ఇది మిక్కిలి సాధారణమైనది. కావున ప్రతి పాఠశాలలోను ఉబ్బసము గల విద్యార్థులుండవచ్చునని తలచి మెలగుట వివేకము.

ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు తలక్రిందుగా నిలిపిన చెట్టు కొమ్మలవలె చీలి, చీలి, సన్నబడును. ఉబ్బసము గలవారిలో ఈ గొట్టముల లోపలిపొర వాచి, కొంచెపు కారణమునకే రేగునట్టి స్వభావము కలిగియుండును. ధూళియో, పొగయో తగిలినంతనే గొట్టములచుట్టునున్న కండరములు బిగుసుకొనును. లోపల శ్లేష్మము చేరును. దారి ఇరుకగుటచే గాలిని లోనికి పీల్చుటకంటె వెలుపలికి విడుచుట కష్టమగును. అప్పుడు వినవచ్చు ఈలవంటి ధ్వనినే 'పిల్లికూతలు' అందురు. దగ్గు, ఆయాసము, ఎదపట్టు రాత్రులందును, తెల్లవారుజామునను హెచ్చుగా నుండును. ఇది అంటువ్యాధి కాదు. రోగి ప్రక్కన కూర్చున్నంతమాత్రమున ఒరులకు సోకదు.

ఈ వ్యాధిని మన ప్రాచీనులు బాగుగా గమనించిరి. చరకసంహిత దీనిని తమకశ్వాసమని వర్ణించినది. మబ్బు పట్టినప్పుడు, చలిగాలి వీచినప్పుడు ఆయాసము హెచ్చుననియు, పరుండినవానికంటె కూర్చున్నవానికి సుఖముగా నుండుననియు అందు కలదు. ధూళిని, పొగను అది శ్వాసరోగకారణములలో చేర్చినది. నేటి వైద్యులు చెప్పు మాటయు నిదియే.

నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములు మెట్టభూములు. వేసవిలో ఎఱ్ఱనేల దుమ్ము గాలికి లేచి తలుపుసందులనుండి గదులలోనికి వచ్చును. ప్రత్తి, వేరుసెనగ, ఆముదము ఇండ్లకు చేరు దినములలో వాని దుగ్గు బట్టలకంటి బడికిని వచ్చును. వానలు పడినపిమ్మట ఆటస్థలముల అంచులందు వయ్యారిభామ మొక్క తెల్లని చిన్నపూలతో గుబురుగా పెరుగును. భారతదేశమున ఈ మొక్క 1950వ దశకమున పూనా ప్రాంతమున గుర్తింపబడి, దేశమంతట వ్యాపించినది. దీని పుప్పొడి కొందరికి ఉబ్బసమును, దీని స్పర్శ కొందరికి దురదను కలిగించును.

గాలిని, వానను ఆపుట ఎవరితరమును కాదు. కాని గదిలోపలి కారణములను తగ్గించుట సాధ్యమే. అవి యెవ్వి? మొదటిది ధూళి. ధూళిలో కంటికానని చిన్నపురుగులుండును. ఇండ్లధూళివలన కలుగు ఉబ్బసమునకు ఈ పురుగులే ముఖ్యకారణమని 1964లో హాలండుదేశపు శాస్త్రజ్ఞులు చూపిరి. ఇవి నీరు త్రాగవు. గాలిలోని తేమనే గ్రహించి బ్రతుకును. కావుననే వానకాలమున వృద్ధిపొందును. రెండవది బూజు. కప్పు కారి గోడలు చెమ్మగిలిన గదులలో నల్లని మచ్చలుగా నిది కనబడును. మూడవది పొగ. మధ్యాహ్నభోజనమునకై కట్టెలపొయ్యి రాజేసినప్పుడు, చెత్తను ఆవరణలోనే కాల్చినప్పుడు, దోమలచుట్ట వెలిగించినప్పుడు లేచు పొగ గదులలో నిండును. ఇవిగాక బియ్యపుగోనెలచెంత తిరుగు బొద్దింకలు, దూలములపై చేరు పావురముల రెట్టలు, క్రొత్తరంగుల ఘాటు, సుద్దపొడి కూడ కొందరికి హానికరములు.

వీని నివారణకు ధనముకంటె శ్రద్ధ ముఖ్యము. పిల్లలు రాకమునుపే గదులు ఊడ్వవలెను. పొడిచీపురుతో దుమ్ము లేపుటకంటె నీరు చిలికి ఊడ్చుట, తడిగుడ్డతో తుడుచుట మేలు. నల్లబల్లను కూడ తడిగుడ్డతోనే తుడువవలెను. అలమరలలోని పాతపుస్తకముల ధూళిని సెలవుదినమున తుడువవలెను. కిటికీలు తెరచి గాలిని, వెలుతురును రానీయవలెను. పొయ్యి తరగతిగదులకు దూరముగా, గాలివాలునకు ఆవలనుండవలెను. గ్యాసుపొయ్యి మరియు మంచిది. వసతిగృహములలో గొంగళ్లు, దుప్పట్లు, పరుపులు తరచు ఎండవేయవలెను. వయ్యారిభామను పూతకు రాకమునుపే చేతితొడుగులు ధరించి వేళ్లతో పెకలింపవలెను. ఉబ్బసము గల పిల్లలను ఈ పనులకు పంపరాదు.

ఔషధములలో పీల్చుమందు శ్రేష్ఠమైనది. దీని కథ విద్యార్థులకు ఆసక్తికరము. 1955లో అమెరికాలో ఒక ఔషధసంస్థ అధ్యక్షుడైన జార్జి మెయిసన్ కుమార్తె, పదమూడేండ్ల బాలిక, ఉబ్బసముతో బాధపడుచుండెను. ఆనాటి సాధనము చేతితో నొక్కవలసిన గాజుబుడ్డి. అది సులభముగా పగులును. జుట్టునకు చల్లుకొను ద్రవమువలె తన మందును కూడ డబ్బాలో ఏల పెట్టరాదని ఆ బాలిక తండ్రినడిగినది. ఆ ప్రశ్నయే 1956లో వెలువడిన ఇన్‌హేలరునకు మూలము. దీనివలన మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరును గనుక స్వల్పమాత్ర చాలును. ఇది వాడినచో అలవాటైపోవునను భయము నిరాధారము. ఉపశమనమునకు వేరుగను, రోజూ వాడవలసిన నివారణకు వేరుగను మందులున్నవి. వైద్యుని అనుమతి లేక వీనిని మానరాదు.

ఏటేట మృగశిరకార్తె ప్రవేశమున హైదరాబాదులో బత్తినివారి కుటుంబము కొఱ్ఱమీను పిల్లనోట మందునుంచి మ్రింగించును. వేలకొలది జనులు నమ్మికతో వత్తురు. ఆ మందు ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రపరీక్షలలో ఋజువు కాలేదు. అచ్చటికి పోయివచ్చినవారును వైద్యుడిచ్చిన మందును విడువరాదు. ప్రమాదమంతయు అట్లు విడుచుటలోనే యున్నది.

తరగతిలో ఎవరికైన ఆయాసము వచ్చినచో గుమిగూడరాదు. పరుండబెట్టరాదు. నిటారుగా కూర్చుండబెట్టి, మెడచుట్టు బట్టలు వదులుచేసి, ధైర్యము చెప్పి, అతని ఇన్‌హేలరును వైద్యుడు నిర్దేశించిన విధమున పీల్పింపవలెను. వెంటనే ఉపాధ్యాయునికి తెలుపవలెను. మందు పనిచేయకున్నను, మాట పూర్తిగా పలుకలేకున్నను, పెదవులు నీలిరంగు తాల్చినను ఆలస్యము ప్రాణాంతకము. అప్పుడు 108కి ఫోను చేయవలెను.

ఉబ్బసము గల బాలుడు పలుమారు తన వ్యాధిని దాచును. తోటివారు నవ్వుదురని, ఆటకు పిలువరని వానికి భయము. సంచిలోని మందు సిగ్గుచే వెలికి రాకుండుట ఎంత విపరీతము! చక్కగా చికిత్స పొందినవారు పరుగిడగలరు, ఆడగలరు, అందరివలె చదువగలరు. దుమ్మును తుడుచుట ఎంత అవసరమో, ఈ సిగ్గును తొలగించుటయు అంతే అవసరము. మొదటిది చీపురుతోను, తడిగుడ్డతోను అగును. రెండవది స్నేహితుల మంచిమాటతోనే కావలెను.