రౌటరు వాఙ్మూలము

తాళము వేసిన గదిలో, ఇనుప చట్రమునందు బిగింపబడి, తెరయు కీబోర్డును లేకయే రేయింబవళ్లు పనిచేయు రౌటరు తనకు కలిగిన ప్రతి అవస్థను ఎప్పటికప్పుడు పలుకుచునే యుండును. ఒక పోర్టు మూతపడినను, పొరుగు రౌటరుతో సంబంధము తెగినను, ఎవరైన లోనికి ప్రవేశించి అమరికలు మార్చినను, అది ఒక్కొక్క వాక్యమును వెలువరించును. ఆ వాక్యములను విని భద్రపఱచు ఏర్పాటు లేనిచో, నెట్‌వర్కు కూలిన మఱునాడు కారణమును వెదకు ఇంజినీరునకు ఊహలు తప్ప ఆధారము మిగులదు. ఈ ఏర్పాటునకు సిస్‌లాగ్ అని పేరు. అది పుట్టినది ఉత్తరముల బట్వాడా పనిలో.

1980 తరువాతి తొలి సంవత్సరములలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణమున, ఎరిక్ ఆల్మన్ అను ప్రోగ్రామరు సెండ్‌మెయిల్ అను ప్రోగ్రామును రచించుచుండెను. ఆర్పానెట్, యు.యు.సి.పి., బర్కిలీవారి స్వంత బెర్క్‌నెట్ మొదలుగా, ఒకదాని చిరునామా పద్ధతి మఱియొకదానికి పొసగని నెట్‌వర్కుల మధ్య ఎలక్ట్రానిక్ ఉత్తరములను చేరవేయుట దాని పని. ఏ ఉత్తరము ఎచ్చట నిలిచిపోయినదో తెలియవలెనన్న, ప్రోగ్రాము తన నడకను తానే చెప్పుకొనక తప్పదు. ఆల్మన్ ఆ చెప్పు పనిని సెండ్‌మెయిల్‌కు ఉంచి, విని లిఖించు పనిని వేఱొక ప్రోగ్రామునకు అప్పగించెను. ఏ మాటను ఎచ్చట నిలుపవలెనో నిర్ణయించు అధికారము యంత్రమును పాలించువానికి దక్కినది. ఈ విభజనయే సిస్‌లాగునకు దీర్ఘాయువు నొసగినదని నా నమ్మకము. ఏలయన, చెప్పువాడును వ్రాయువాడును వేఱైన పిమ్మట, వారిరువురును ఒకే యంత్రమున ఉండవలెనను నిర్బంధము తొలగిపోయినది.

ప్రతి సందేశమునకు ముందు ఒక చిన్న సంఖ్య నడచును. తీవ్రతకు 0 మొదలు 7 వఱకు ఎనిమిది మెట్లు కలవు: యంత్రము పూర్తిగా నిరుపయోగమైనచో 0, దోషములను శోధించువారికి మాత్రమే పనికివచ్చు సూక్ష్మవివరమైనచో 7. మాట ఏ శాఖనుండి వచ్చినదో తెలుపుటకు 0 మొదలు 23 వఱకు శాఖాసంఖ్యలు కలవు. శాఖను 8 చేత గుణించి తీవ్రతను కలిపినచో ఆ సంఖ్య వచ్చును. ఉత్తరముల శాఖ నేటికిని 2. సిస్కో సంస్థవారి రౌటర్లు, మనము మార్చనంతవఱకు, 23వ శాఖ పేర మాటలాడును; కావున లింకు ఒకటి పడిపోయినదను 3వ మెట్టు సందేశము 187 అను సంఖ్యతో సర్వరును చేరును.

రౌటరు మాటలకు పోదగిన చోటులు నాలుగు: కాన్సోలు, దూరమునుండి ప్రవేశించినవాని తెర, రౌటరు జ్ఞాపకమునందలి బఫరు, వెలుపలి సిస్‌లాగ్ సర్వరు. కాన్సోలు తీగ సాధారణ వేగము సెకనునకు 9600 బిట్లు, అనగా సుమారు 960 అక్షరములు. 7వ మెట్టు వివరములను అందులోనికి వదలినచో, అక్షరమక్షరమునకు ప్రాసెసరు తన పని విడిచి రావలసివచ్చి, రౌటరే స్తంభించుట కద్దు. బఫరు మేలైనదే గాని నిండినకొలది పాత మాటలను తుడిచి క్రొత్తవి వ్రాసికొనును. విద్యుత్తు పోయినచో సమస్తమును మఱచును. రౌటరు ఎందువలన పడిపోయినదో తెలుపు వాక్యము రౌటరుతోడనే నశించుటకంటె విచారకరమైన స్థితి వేఱొకటి కలదా? కావున ‘లాగింగ్ హోస్ట్’ అను ఆజ్ఞ ప్రక్కన సర్వరు చిరునామాను వ్రాయు ఆ ఒక్క పంక్తి తక్కిన అమరికలన్నిటికంటె ముఖ్యమని నేను తలంతును. ‘లాగింగ్ ట్రాప్’ అను ఆజ్ఞ ఏ మెట్టువఱకు పంపవలెనో నిర్ణయించును. సహజముగా అది 6వ మెట్టుకడ నుండును.

దీనికి ముందు చేయవలసిన పని గడియారమును సరిదిద్దుట. గడియారపు బ్యాటరీ లేని సిస్కో యంత్రములు కొన్ని, విద్యుత్తు వచ్చినంతనే 1993 మార్చి 1వ తేదీ అర్ధరాత్రినుండి కాలమును లెక్కించుచు మేల్కొనును. ఆ కాలము నమ్మదగినది కాదని తెలుపుటకు తేదీ ముందు నక్షత్రపు గుర్తునుంచును. పది రౌటర్లు పది కాలములను చెప్పినచో ఏది కారణమో ఏది ఫలితమో తేలదు. 1985లో డేవిడ్ మిల్స్ ప్రకటించిన ఎన్.టి.పి. పద్ధతిచేత వాని గడియారములను ఏకము చేసిన పిమ్మటనే వాని సాక్ష్యములను ఒకదానితో ఒకటి సరిచూడ వీలగును.

సాక్ష్యమును వెలుపల దాచుటకు మఱియొక హేతువు కలదు. 1986లో, అదే బర్కిలీ పట్టణపు కొండమీదనున్న లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో, కంప్యూటరు వాడుక లెక్కలలో 75 సెంట్లు పొసగకుండుటను పరిశీలించుచు, ఖగోళశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్ దొంగతనముగా ప్రవేశించుచున్న ఒకనిని కనుగొనెను. లోనికి వచ్చినవాడు అధికారమును సంపాదించినచో లోపలి లిఖితములను చెఱుపగలడు. కావున స్టోల్ టెలిఫోను తీగలకు ప్రింటర్లను తగిలించి, వాని ప్రతి ఆజ్ఞయు కాగితముపై పడునట్లు చేసెను. ఆ కాగితములు వాని చేతికందునవి కావు. జాడ తుదకు పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమునకు చేరినది. వేఱొక యంత్రముపై నిలిచిన సిస్‌లాగు నేడు చేయుచున్నదియు ఈ పనియే.

ఇంత వ్యాప్తి చెందియు సిస్‌లాగునకు చాలకాలము లిఖితనియమము లేకుండెను. 2001లో క్రిస్ లాన్విక్ ఆర్.ఎఫ్.సి. 3164 అను పత్రమున వాడుకలోనున్న రీతిని వర్ణించెను. అందలి తేదీలో సంవత్సరము లేదు! యు.డి.పి. అను పద్ధతిలో 514వ పోర్టుమీదుగా పోవు ఆ సందేశము చేరినదో లేదో పంపినవానికి తెలియదు. 2009లో రైనర్ గెర్‌హార్డ్స్ రచించిన ఆర్.ఎఫ్.సి. 5424 సంవత్సరమును, కాలమండలమును చేర్చినది. దానితోడి పత్రము 6514వ పోర్టుమీద గూఢలేఖనముతో పంపు మార్గమును చూపినది. అయినను ఎన్నియో రౌటర్లు నేటికిని 514నే ఆశ్రయించుచున్నవి. లింకు తెగినదను వార్త తెగిన ఆ లింకుమీదుగనే పోవలసియున్నచో అది సర్వరును చేరదు. అందువలన అనుభవజ్ఞులు సర్వరునకు వేఱు తీగను వేసి, సందేశములకు వరుససంఖ్యలు ఇచ్చు అమరికను పెట్టి, నడుమ లోపించిన సంఖ్యలను రౌటరు బఫరులో వెదకుదురు.