మాజీ సైనికుని మనోగాయము - చికిత్సకు తొలి అడుగు

సైన్యమునకు బిడ్డలను పంపిన గ్రామములు మనకు పెక్కు కలవు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము మండలమునందలి మాధవరమునకు మిలిటరీ మాధవరమనియే పేరు. తరతరములుగా అచటి కుటుంబములు దేశరక్షణకు తమ కుమారులను పంపినవి. సైనికుడు విరమణ పొంది ఇల్లు చేరినప్పుడు గ్రామమంతయు సంతోషించును. కాని కొందరు సైనికులతో పాటు కంటికి కనిపించని గాయమొకటి కూడ ఇంటికి వచ్చుచున్నది.

సరిహద్దున తన ప్రక్కనున్న మిత్రుడు మందుపాతర ప్రేలి మరణింపగా చూచిన హవల్దారు ఒకడున్నాడనుకొందము. ఇంటికి వచ్చి నాలుగేండ్లయినది. రాత్రులందు కేకవేసి లేచును. దీపావళినాడు తలుపులు మూసికొని కూర్చుండును. బస్సులో ద్వారము ప్రక్క సీటు దొరకనిచో ఎక్కడు. చిన్న మాటకే భార్యపై మండిపడును. నిద్రకొరకు మద్యమును ఆశ్రయించును. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు, తాయెత్తు కట్టింతురు. ఇది గాలియు కాదు, పిరికితనమును కాదు, చికిత్స గల వ్యాధి.

వ్యాధి స్వరూపము

వైద్యులు దీనిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అందురు. ఘోరమైన ఆపద కలిగించిన మనోగాయమని మనము చెప్పుకొనవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగి గుండ్ల మధ్య నిలిచిన సైనికులలో ఇట్టి స్థితిని గమనించి, 1915లో చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు షెల్ షాక్ అను పేర వర్ణించెను. ఆనాడు దీనిని పిరికితనమని నిందించినవారు పలువురు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని ప్రత్యేక వ్యాధిగా తన గ్రంథమున చేర్చినది.

దీని లక్షణములు నాలుగు విధములు. జరిగినది కలలుగా, కనులయెదుటి దృశ్యములుగా మరలమరల వచ్చుట. దానిని గుర్తుచేయు స్థలములను, మాటలను తప్పించుకొని తిరుగుట. తనపై, లోకముపై నమ్మకము నశించుట. ఎల్లవేళల ఉలికిపాటు, కోపము, నిద్రలేమి. ఇవి నెల దాటియు తగ్గక, సంసారమునకును పనికిని అడ్డువచ్చినచో వైద్యుని చూడవలెను. కొందరికి ఈ లక్షణములు సంఘటన జరిగిన చాలకాలమునకు బయటపడును.

కాలిలో ముల్లు విరిగినవాడు ఆ కాలు మోపక నడచినంత మాత్రమున ముల్లు బయటకు రాదు. అట్లే భయంకరమైన జ్ఞాపకమును తప్పించుకొన్న కొలది అది లోననే సలుపుచుండును. ముల్లును నేర్పుగా తీయు పని చికిత్సది.

తొలినాడు ఏమి జరుగును?

చికిత్సకుడు రోగితో ఒంటరిగా, ఏకాంతమున మాటలాడును. నిద్ర ఎట్లున్నది, మద్యమెంత, కుటుంబమునెవరున్నారు, ప్రాణము తీసికొనవలెనను తలంపు వచ్చుచున్నదా అని అడుగును. ఇట్లడుగుటకు నొచ్చుకొనరాదు, దాచరాదు. యుద్ధవృత్తాంతమంతయు తొలినాడే చెప్పవలెనను నిర్బంధము లేదు. వ్యాధి ఎట్లు పుట్టినదో వివరించి, ఉద్రేకము తగ్గుటకు నిదానముగా ఊపిరి తీయు పద్ధతి నేర్పును. బిడ్డతో తిరునాళ్ళకు పోవుట వంటి లక్ష్యములను ఇరువురును కలిసి నిర్ణయింతురు.

ఆపై సాధారణముగా వారమునకొక పర్యాయము చొప్పున సుమారు మూడు నెలలు సాగును. జ్ఞాపకమును క్రమక్రమముగా ఎదుర్కొనుట ఒక పద్ధతి. "నా వలననే మిత్రుడు చనిపోయినాడు" వంటి తలంపులను పరీక్షించి సరిదిద్దుకొనుట మరియొకటి. తొలి వారములలో బాధ కొంత హెచ్చినట్లు తోచవచ్చును. గాయము కడిగినప్పుడు మంట పుట్టుట సహజమే కదా! అప్పుడు మానివేయక ఆ సంగతి చికిత్సకునితోనే చెప్పవలెను. అవసరమైనచో వైద్యుడు సెర్ట్రలీన్ వంటి మందును వ్రాయును. దానిని తనంతట తాను ఆపరాదు.

పిచ్చివాడని పేరు వచ్చునేమో, పింఛను పోవునేమో అని కొందరు జంకుదురు. చికిత్స కోరినందున సర్వీసు పింఛను ఆగదు. రోగి వివరములను గోప్యముగా ఉంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించుచున్నది.

కుటుంబము చేయవలసినది

నిద్రలో కలవరించు వానిని తట్టి లేపక, కొంతదూరము నుండి పేరుపెట్టి పిలువవలెను. యుద్ధము సంగతి చెప్పుమని వేధింపరాదు. బాణసంచా కాల్చుటకు ముందు తెలుపవలెను. నిరాశతో మాటలాడుచున్నచో ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాలను, లైసెన్సు తుపాకిని అందకుండ భద్రపరచి, ఆలస్యము చేయక వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

సహాయము ఎచట లభించును?

మాజీ సైనికుల వైద్యపథకము 2003లో ప్రారంభమైనది. అందు సభ్యులైనవారు తమ పాలిక్లినిక్‌కు పోయి మనోవైద్యుని కడకు సిఫారసు పొందవచ్చును. దారి తెలియనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపవచ్చును. విశాఖపట్నమున ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాదు ఎర్రగడ్డయందు మానసిక ఆరోగ్య సంస్థ కలవు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

తూటా తగిలినవాడు వైద్యుని కడకు పోయినచో ఎవ్వరును నవ్వరు. మనసునకు తగిలిన గాయమునకును అదే న్యాయము. మీ గ్రామమున ఇట్టి సోదరుడున్నచో, తొలినాడు అతనికి తోడుగా ఆసుపత్రి వరకు నడువుడు. దేశమునకు కావలి కాచినవానికి గ్రామము చేయదగిన సేవ ఇది.