రాలిన ఆకుకు ఊరంతా రుసుము కట్టాలా?
పెరటి చెత్త ఎవరి భారమో తేలక పూడిమడకలో రగులుతున్న పోగులు

పూడిమడక: తెల్లవారుజామున, సముద్రం మీది గాలి ఇంకా తిరగకముందే, ఊళ్ళో అక్కడక్కడ పొగ లేస్తుంది. అది పొయ్యిల పొగ కాదు. ముంగిళ్ళు ఊడ్చి వీధి చివర పోగుపెట్టిన వేపాకు, ఎండు కొబ్బరి కమ్మలు, పీచు, వాటి మధ్య చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు కలిసి కాలుతున్న పొగ. పొరుగింట్లో ఆయాసం మనిషి తలుపు వేసుకుంటాడు. ఎదురింటావిడ గొణుక్కుంటుంది. ఊడ్చిన ఇల్లాలు మాత్రం ఏం చేస్తుంది? చెత్త బండి వచ్చే జాడ లేదు, గుమ్మం ముందు పోగు ఉంచుకోలేదు, అగ్గిపుల్ల గీసింది.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని ఈ మత్స్యకార గ్రామంలో నిప్పు చిన్న విషయం కాదు. పోగుకు పది బారల దూరంలో తాటాకు పాక ఉంటుంది. ఆ పక్కన వలలు ఆరవేసి ఉంటాయి. నైలాన్ వలకు ఒక్క నిప్పురవ్వ చాలు, కన్నులు కరిగి ముద్దకడతాయి. అప్పుచేసి కొన్న వల అలా పోతే ఆ ఇంటికి మళ్ళీ వేట మొదలుకావడం తేలిక కాదు.

కనుక ఆకూ అలమూ కాల్చకూడదనే మాటకు ఎదురు చెప్పేవారు లేరు. చిక్కు ఆ తరువాతే ఉంది. కాల్చకపోతే ఎవరు ఎత్తాలి? పంచాయతీ ఎత్తితే ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఇంటింటికీ ఇంత అని రుసుము వేయడం న్యాయమేనా?

నిన్నటి వంటచెరకు, నేటి చెత్త

ఒక తరం క్రితం ఈ ప్రశ్నే లేదు. కొబ్బరి కమ్మ రాలితే ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవారు. అల్లితే దడి, ఈనెలు తీస్తే చీపురు, మట్ట ఎండితే వంటచెరకు. తాటాకు పాక మీదికి పోయేది. సరుగుడు ఆకు సైతం పొయ్యి రాజేయడానికి గంపలకెత్తుకునేవారు. ఇసుక నేలలో చెట్టు ఇచ్చిందేదీ వృథా పోయేది కాదు.

1999లో రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చి పేదల ఇళ్ళకూ వంటగ్యాసు చేరింది. 2024 నవంబరు నుంచి అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. ఆడవారి కళ్ళకు పొగ బాధ తగ్గింది. పాకల చోట శ్లాబు ఇళ్ళు లేచాయి. ఇవన్నీ సంతోషించదగినవే. కాకపోతే వాటితోపాటు కొబ్బరి కమ్మకు పని పోయింది. నిన్న వంటచెరకు అయినదే నేడు చెత్త అయింది.

అందరికీ కాలేదు. సిలిండరును పొదుపుగా వాడుకునే ఇళ్ళలో నీళ్ళు కాగేది నేటికీ కట్టెల పొయ్యి మీదే. "ఈ కమ్మలు నాకుంచప్పా, సాయంత్రం తీసుకుపోతాను" అని పెరడున్న ఇంటికి వెళ్ళి అడిగే అలవాటు పల్లెల్లో పూర్తిగా పోలేదు. పంచాయతీ బండి వచ్చి ఆకంతా ఎత్తుకుపోతే ఇచ్చేవారి దగ్గర రుసుము పోతుంది, తీసుకునేవారి దగ్గర వంటచెరకు పోతుంది. రుసుము గురించి ఆలోచించేవారు ఈ రెండో నష్టాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

రెండు రూపాయల పాఠం

చెత్తకు డబ్బు కట్టించే ప్రయత్నం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమాన్ని అప్పటి ప్రభుత్వం ప్రారంభించింది. పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు రుసుము విధించారు. పెద్ద నగరాల్లో అది ఇంటికి నెలకు 120 రూపాయల దాకా ఉండేది. గ్రామాల్లోనూ రోజుకు రెండు రూపాయలు, అంటే నెలకు 60 రూపాయలు అన్న మాట వచ్చింది. గ్రామాల్లో చెత్త సేకరించేవారికి గ్రీన్ అంబాసిడర్లని పేరు పెట్టారు. వారికి నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనం అన్నారు.

జనం దాన్ని రుసుము అని పిలవలేదు, చెత్త పన్ను అన్నారు. ఆ పేరులోనే కోపం ఉంది. ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ ఇదేమిటని నిలదీశారు. 2024 ఎన్నికల్లో అది ప్రచారాంశమైంది. సరిగ్గా మూడేళ్ళకు, మరో గాంధీ జయంతి నాడు, 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు చెత్త పన్ను రద్దును ప్రకటించారు.

జనం ఎప్పుడూ డబ్బు కట్టరని దీన్నిబట్టి తీర్మానించడం తొందరపాటే. బావి బాగు చేయించడానికీ, గుడి పండుగకూ ఊరు చందా వేసుకుంటూనే ఉంది. తేడా ఏమిటంటే, అక్కడ డబ్బు ఎటు పోయిందో కళ్ళకు కనబడుతుంది. బండి వారానికి ఒకసారి వచ్చినా రాకపోయినా నెలకు ఇంత అని అడిగితే ఎవరికైనా చేయి జేబులోకి పోదు.

చట్టం ఏమంటుంది?

వీధులు శుభ్రంగా ఉంచడం, చెత్త తొలగించడం 1994 నాటి రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ విధి. అందుకోసం ఇంటి పన్ను ఆదాయం ఉంది. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన నిధుల్లో 30 శాతం పారిశుద్ధ్యానికే కేటాయించాలని షరతు పెట్టింది. కనుక పంచాయతీకి ఈ పని నిమిత్తం పైసా రాలేదనడానికి వీలులేదు.

ఇక 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు ముఖ్యంగా పట్టణాలనూ, పట్టణ లక్షణాలున్న గ్రామాలనూ ఉద్దేశించినవి. పెరటి చెత్త గురించి అవి విడిగా ఒక మాట చెప్పాయి. తోట చెత్తను ఎవరి ఆవరణలో వారు వేరుగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్లు వదిలించుకోవాలని ఆదేశించాయి. వీధిలో పారవేయరాదు, కాల్చరాదు, పాతిపెట్టరాదు అన్నాయి. స్థానిక సంస్థ నిర్ణయించిన రుసుము కట్టాలని కూడా అన్నాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించి, మామూలు పోగు కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తమైతే 25,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది.

కాల్చినవారి మీద 5,000 రూపాయల జరిమానా కాగితం మీద సులువే. ఆకు వేయడానికి స్థలం చూపకుండా ఆ జరిమానా వసూలు చేయబోతే మాత్రం ఊరు ఊరుకోదు.

అందరికీ ఒకే లెక్క కుదరదు

కాపున్న కొబ్బరి చెట్టు సుమారుగా నెలకొక కమ్మ రాలుస్తుంది. అయిదు చెట్లున్న పెరటిలో ఏడాదికి 60 కమ్మలు. ఇంటికి నెలకు 60 రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 720 రూపాయలు. అంటే ఆ ఇంటివారికి కమ్మకు 12 రూపాయలు పడుతుంది. ఆయనకు కాయలూ వస్తాయి, నీడా ఉంటుంది. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు, గోడకు గోడ, చెట్టు నాటే జానెడు జాగా లేదు. ఆ ఇంటివారూ అదే 720 రూపాయలు కట్టాలంటే ఒకరి చెట్టు ఆకును మరొకరి డబ్బుతో ఎత్తినట్లే.

పైగా ఇక్కడి ఆదాయం నెలజీతం కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలకు ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. అది బియ్యానికీ, పిల్లల చదువుకూ, వల బాగుకూ సర్దుకోవాలి. సరిగ్గా ఎండాకులు ఎక్కువగా రాలే ఎండాకాలంలోనే చేతిలో డబ్బు ఆడదు. నెలనెలా రుసుము అనేవారు ఈ ఊరి క్యాలెండరు ఒకసారి చూడాలి.

అలాగని చెట్టున్నవారి మీదే భారమంతా వేసినా చిక్కే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటిననాడు ఈ తీరంలో చెట్లు కూకటివేళ్ళతో లేచిపోయాయి. నీడ పోతే ఊరు ఎలా ఉంటుందో ఆ తరువాతి ఎండాకాలం చూపించింది. మళ్ళీ నాటుకున్న వేపలు, కొబ్బరులు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకున్నాయి. ఆకుకు పన్ను వేస్తే వేపచెట్టు మొదలుకు గొడ్డలి పడే ప్రమాదం ఉంది. ఆకు రాల్చేది ఒకరి పెరట్లో అయినా గాలీ నీడా నలుగురికీ చెందుతాయి. ఇది కూడా న్యాయం పక్షాన చెప్పుకోవలసిన మాటే.

కావాలన్నవారే కడతారు

ఈ పేచీ మన దగ్గరే లేదు. ఇంగ్లండులో మామూలు ఇంటి చెత్తను స్థానిక సంస్థలు విడిగా రుసుము లేకుండానే తీసుకుపోతాయి. తోట చెత్తకు మాత్రం రుసుము వసూలు చేసుకునే వీలు చట్టం ఇచ్చింది. బర్మింగ్‌హామ్ నగరం 2014లో ఆ పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు అక్కడా అసంతృప్తి రేగింది. అయితే అక్కడి పద్ధతిలో ఒక గుణం ఉంది. తోట చెత్త బండి తనకు కావాలని పేరు నమోదు చేయించుకున్నవారే డబ్బు కడతారు. పెరట్లో ఎరువుగుంట పెట్టుకున్నవారు కట్టనక్కరలేదు. తోటలేనివారిని ఎవరూ అడగరు.

పూడిమడకకు ఇంగ్లండు పోలిక పెట్టడం అతిగా తోచవచ్చు. కానీ ఈ ఒక్క సూత్రం ఇక్కడా పనికివస్తుంది. వంటింటి చెత్తకూ, వీధి ఊడ్పుకూ విడిగా రుసుము వద్దు, అది ఇంటి పన్నులోనిదే. పెరటి ఆకు, కమ్మలు, నరికిన కొమ్మలు ట్రాక్టరులో ఎత్తించుకోదలచినవారు ట్రిప్పుకు ఇంత అని కట్టాలి. పిలిస్తేనే బండి, బండి వస్తేనే డబ్బు. రసీదు చేతికివ్వాలి.

ముందుగా లెక్కకు రావలసింది పెద్ద ఆవరణలు. అచ్యుతాపురం చుట్టూ పరిశ్రమలు పెరిగాయి. పూడిమడక వద్ద ఎన్.టి.పి.సి. గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రేపు పచ్చికబయళ్ళు, పూలతోటలు, ఉద్యోగుల క్వార్టర్లు వస్తాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన ఆవరణలున్న సంస్థలు కుళ్ళే చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకోవాలని 2016 నిబంధనలే చెప్పాయి. వారి గడ్డి కోత పంచాయతీ దిబ్బ మీదికి చేరి, పేదవాడి ముంగిట రాలిన వేపాకు మాత్రం రుసుముకు రావడం తలకిందుల వ్యవహారం అవుతుంది.

గుంట తవ్వితే సగం పేచీ తీరుతుంది

నిజానికి ఆకులో ఎక్కువ భాగానికి బండే అక్కరలేదు. ఇది ఇసుక నేల. నీరు నిలవదు, సారం నిలవదు. ఎరువు కావలసింది ఇలాంటి నేలకే. కొబ్బరి కమ్మ తొందరగా కుళ్ళదనే మాట నిజం. అయితే ముక్కలు చేసి, పేడనీళ్ళు చల్లి, రెండు మూడు వారాలు మగ్గనిచ్చి, తగిన రకం వానపాములు వదిలితే సుమారు మూడు నెలల్లో ఎరువు అవుతుందని కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ చేసి చూపింది. తెలంగాణలోని సూర్యాపేట పట్టణం 2003 ప్రాంతంలోనే తడి చెత్త, పొడి చెత్త వేరుగా సేకరించి వానపాముల ఎరువు చేసి పేరు తెచ్చుకుంది.

మన గ్రామాల్లోనూ చెత్త నుంచి సంపద కేంద్రాలంటూ షెడ్లు కట్టారు. అనేకచోట్ల అవి పనిలేక మూలనపడ్డ సంగతి అందరూ ఎరిగినదే. తొట్లు ఉంటాయి, అందులో వేసే వేరుచేసిన ఆకు ఉండదు. ఆకు వీధి చివర కాలుతుంటుంది. ఈ రెంటినీ కలపడానికి కావలసింది కొత్త పన్ను కాదు. వారానికి ఫలానా రోజు ఫలానా వీధికి ఆకుబండి వస్తుందని ఒక మాట చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవడం. వంటచెరకు కావలసినవారు ముందు రోజే కమ్మలు ఏరుకునేందుకు వీలుంటుంది. మిగిలినది తొట్టిలోకి పోతుంది. తయారైన ఎరువు ఊరివారికే తక్కువ ధరకు ఇస్తే తొట్టిలో వేసిన ఆకు ఏమైందో అందరికీ కనబడుతుంది.

ఈ విషయం పైనుంచి వచ్చే ఉత్తర్వుతో కాక గ్రామసభలో తేలడం మంచిది. పారిశుద్ధ్యానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనే లెక్క ముందు చదవాలి. ఆ తరువాతే ట్రిప్పుకు ఎంత అనే మాట ఎత్తాలి. చెట్టులేని ఇంటికీ, వేట లేని నెలకూ మినహాయింపు అందరి ఎదుట రాసుకోవాలి. లెక్క విన్నవారు న్యాయమైన రుసుముకు అడ్డం చెప్పరు.

అంతవరకు తెల్లవారుజామున వీధి చివర పోగు కాలుతూనే ఉంటుంది. పెరటి ఆకు ఎత్తడం ఉచితమా, రుసుమా అని మనం వాదించుకుంటున్నాం గానీ, ఆయాసం మనిషి, వల కాలిన మనిషి దాని ఖరీదు ఈపాటికే కడుతున్నారు. పంచాయతీ పెద్దలు, సంబంధిత అధికారులు వచ్చే ఎండాకాలం వేట నిషేధం మొదలయ్యేలోగా ఆకుబండి రోజును నిర్ణయించి, మూలనపడ్డ తొట్లను వాడుకలోకి తేవడం అవసరం.