ఇన్వర్టర్ ఎందుకు త్వరగా ఆగిపోతుంది?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకూ, కొత్త వెంచర్లలోని ఇళ్లకూ ఇన్వర్టర్ తప్పనిసరి అయింది. వేసవి ఈదురుగాలులకు కొమ్మలు విరిగి తీగల మీద పడితే, కరెంటు మళ్లీ వచ్చేసరికి గంటలు పట్టవచ్చు. అలాంటప్పుడు పది నిమిషాలకే ఫ్యాన్లు ఆగిపోతే నింద ముందుగా బ్యాటరీ మీద పడుతుంది. అయితే లోపం లోడులో ఉండవచ్చు, సరఫరాలో ఉండవచ్చు, ఛార్జింగ్‌లోనో కనెక్షన్లలోనో ఉండవచ్చు. వీటన్నిటినీ వరసగా చూశాకే బ్యాటరీ సంగతి తేల్చాలి.

మొదటిది లోడు. 12 ఓల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఇన్వర్టర్‌లో పోయే నష్టాలు తీసేస్తే సుమారు 1,400 మిగులుతుంది. 75 వాట్ల పాతరకం ఫ్యాన్లు మూడు, 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు కలిపి 265 వాట్లు. అంటే కొత్త బ్యాటరీ అయినా సుమారు ఐదు గంటలకు మించి రాదు. అవే ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకమైతే సమయం రెట్టింపవుతుంది. ఇన్వర్టర్ లైనుకు ఫ్రిజ్ కలిపి ఉంటే, కంప్రెసర్ మొదలైన క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగి, ఓవర్‌లోడ్ దీపం వెలిగిస్తుంది. ఫ్రిజ్, గీజరు, బోరు మోటారు ఈ లైనులో లేవని చూసుకోవాలి.

రెండోది సరఫరా. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో బోరు మోటార్లన్నీ నడిచే వేళ ఓల్టేజీ పడిపోతుంది. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే ఓల్టేజీ సుమారు 180 కంటే తగ్గగానే కరెంటు పోయినట్టే లెక్కగట్టి బ్యాటరీని వాడుకుంటుంది. పక్కింట్లో బల్బు మినుకుమినుకుమంటున్నా ఇక్కడ బ్యాటరీ ఖాళీ అవుతుంది. నార్మల్ మోడ్‌లో సుమారు 100 ఓల్టుల దాకా తట్టుకుంటుంది. కంప్యూటర్ లేని ఇంటికి ఇదే మేలు.

మూడోది ఛార్జింగ్. కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్ పెడితే 13.5 నుంచి 14.5 ఓల్టుల మధ్య చూపాలి. గంటలు గడిచినా 12 దగ్గరే ఉంటే ఛార్జ్ ఎక్కడం లేదని అర్థం. ముందు ఇన్వర్టర్ వెనక ఫ్యూజు, ఎంసీబీ చూడాలి. అవి బాగుంటే ఛార్జింగ్ సర్క్యూట్‌ను మెకానిక్ చూడాల్సిందే.

నాలుగోది టెర్మినళ్లు. 500 వాట్ల లోడుకు బ్యాటరీ నుంచి సుమారు 50 ఆంపియర్లు ప్రవహిస్తాయి. వదులైన బిగింపులో ఓమ్‌లో నూరోవంతు నిరోధం చాలు, అర ఓల్టు అక్కడే పోతుంది, 25 వాట్ల వేడి పుడుతుంది. కేబుల్ పట్టు దగ్గర తెల్లగానో పచ్చగానో చిలుము పట్టినా, ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చినా తప్పు అక్కడే. ఇన్వర్టర్ ఆపి, చేతి ఉంగరాలు తీసి, ముందు నెగెటివ్ కేబుల్ విప్పాలి. వంటసోడా కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డతో చిలుము తుడవాలి. ఆ నీళ్లు సెల్ లోపల పడకూడదు. బాగా ఆరాక గట్టిగా బిగించి, పైన వేజిలీన్ పూయాలి.

ఇక బ్యాటరీ. ఛార్జింగ్ ఆపి, లోడు లేకుండా కొన్ని గంటలు వదిలేశాక 12.6 ఓల్టులు దాటితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 11.8 అయితే దాదాపు ఖాళీ. ఈ ఒక్క అంకెను నమ్మకూడదు. చెడిన బ్యాటరీ కూడా 12.6 చూపి, ఫ్యాన్లు వేయగానే కొద్ది నిమిషాల్లో 11 కిందికి జారుతుంది. హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్‌నూ విడివిడిగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నిండిన ట్యూబులర్ బ్యాటరీలో సాంద్రత సుమారు 1.24 ఉంటుంది. ఐదు సెల్స్ అలా ఉండి ఒకటి 1.15 దగ్గరే ఆగితే ఆ సెల్ పోయినట్టే.

నీటి మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఆవిరయ్యేది నీరే కాబట్టి ఆసిడ్ కలపకూడదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక గాలి ఆడని గదిలో బ్యాటరీ పెట్టకూడదు, దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. రేకుల షెడ్డు వేడిలో ఉంచితే ఆయుష్షు బాగా తగ్గుతుంది.

శని, ఆదివారాలకే తెరిచే ఫామ్‌హౌస్‌లలో బ్యాటరీని ఎక్కువగా చంపేది తాళం వేసేటప్పటి జాగ్రత్తే. మెయిన్ ఆపేసి వెళ్తే ఇన్వర్టర్ దాన్ని కరెంటు కోతగానే భావిస్తుంది. వరండాలో ఒక్క బల్బు వెలుగుతున్నా వారం తిరగకుండానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలా వారాలపాటు ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ పూర్తిగా ఛార్జ్ కాదు. ఇన్వర్టర్‌కు వెళ్లే లైను విడిగా ఆన్‌లో ఉంచి మిగతావి ఆపాలి. అది కుదరకపోతే నిండా ఛార్జ్ చేసి, ఇన్వర్టర్ స్విచ్ ఆపి, కేబుల్ విప్పి వెళ్లాలి.

ఇవన్నీ సరిచూసి, రాత్రంతా ఛార్జ్ చేసి, తెలిసిన లోడుతో పరీక్షించినా లెక్క ప్రకారం రావలసిన సమయంలో సగం కూడా రాకపోతే కొత్త బ్యాటరీ కొనాలి. పాతదాన్ని డీలరుకే ఇస్తే ధరలో తగ్గింపు వస్తుంది, సీసం రీసైక్లింగ్‌కు చేరుతుంది.