ఆవు చిన్నది, ఆబోతు ఎంత పెద్దది?

భిలాయ్ ఉక్కు పట్టణం దాటి పొలాల వైపు వెళితే గట్ల మీద ఎర్రని పొట్టి ఆవులు మేస్తూ కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ మైదానాల సొంత జాతి ఇది, పేరు కోసలి. పాలు తక్కువే, రోజుకు లీటరుకు అటూఇటూ. కానీ ఎండకు తట్టుకుంటుంది, వరిగడ్డితో బతుకుతుంది. దీని ఎడ్లు దమ్ము మడిలో చురుగ్గా నడుస్తాయి.

ఇలాంటి ఆవు ఎదకు వచ్చిందంటే యజమానికి ఆశలు చాలా ఉంటాయి. పెయ్య పుడితే పాలివ్వాలి, కోడె పుడితే కాడికి పనికిరావాలి, ఏది పుట్టినా ఎండకు నిలవాలి. మరి ఏ ఆబోతు వీర్యం వేయించాలి?

“ఎక్కువ పాల జాతిది” అనేస్తాం. అక్కడే ప్రమాదం. మేలిమి హోల్‌స్టీన్ దూడ పుట్టినప్పుడే 40 కిలోల దాకా తూగుతుంది, జెర్సీ దూడ సుమారు 25 కిలోలే. పొట్టి ఆవు కడుపులో దూడ మరీ పెరిగితే ఈతలో ఇరుక్కుంటుంది. దూడతో పాటు తల్లీ పోవచ్చు. తొలిచూలు పడ్డ అయితే భయం ఇంకా ఎక్కువ. అందుకే పాల లెక్క కంటే ముందు ఈత సంగతి చూడాలి. చిన్న నాటు ఆవులకు జెర్సీని గానీ సాహివాల్ వంటి దేశీ పాల జాతిని గానీ సూచించేది ఇందుకే. భిలాయ్‌లో స్థిరపడ్డ తెలుగువారికి ఒంగోలు గిత్త గుర్తుకు రావడం సహజం. బలంలో దానికి తిరుగులేదు, కానీ దాని భారీ ఒడ్డూపొడుగూ ఈ ఆవుకు పరీక్షే.

రెండో చిక్కు, ఆబోతు పాలివ్వదు. మూపురం, నిగనిగలాడే చర్మం చూసి దాని కూతుళ్ల పొదుగు చెప్పలేం. కూతుళ్లు ఈని, పాలు తూచాకే దాని విలువ తేలుతుంది. ఇందుకు ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆబోతు చనిపోయినా ఇబ్బంది లేదు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాని వీర్యం భద్రంగా ఉంటుంది. దుర్గ్ పక్కనే అంజోరాలో ఇలాంటి ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. పాల దిగుబడిలో తేడాలకు వంశం కారణమయ్యేది సుమారు నాలుగో వంతు, మిగతాదంతా మేత, నీడ, నీళ్లు, ఆరోగ్యం. గడ్డి కొనలేని ఇంట్లో గొప్ప వీర్యం ఉన్నా పాలు పెరగవు.

రెండు జాతుల తొలి సంకరంలో దూడలు తరచు తల్లిదండ్రుల సగటు కంటే మెరుగ్గా ఉంటాయి. దీన్నే సంకర తేజం అంటారు. ఆ సంకర ఆవును మళ్లీ సంకర ఆబోతుతోనే కలిపితే ఈ తేజం సగానికి పడిపోతుంది, దూడలూ ఒక్కోటి ఒక్కో తీరుగా పుడతాయి. పోనీ విదేశీ రక్తాన్ని తరం తరం పెంచుతూ పోతే మే నెల ఎండలో ఆవు రొప్పుతుంది.

మరో పొరపాటు చాప కింద నీరులా వస్తుంది. ఊళ్లో ఏళ్ల తరబడి ఒకే ఆబోతు వీర్యం వాడితే, దాని కూతురికే మళ్లీ దాని వీర్యం పడవచ్చు. అలా పుట్టే దూడలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం 25 శాతం. దాగి ఉన్న లోపాలు బయటపడేది అప్పుడే. ప్రతి స్ట్రా మీద ఆబోతు నంబరు ముద్రించి ఉంటుంది. ఖాళీ స్ట్రా పారేసే ముందు ఆ నంబరును, తేదీని ఒక పుస్తకంలో రాసుకోండి. రెండున్నర, మూడేళ్ల తర్వాత ఆ పెయ్య ఎదకు వచ్చిన రోజున, సూది వేయడానికి వచ్చిన మనిషికి ముందుగా చూపించాల్సింది ఆ పేజీనే.