సర్వే కాల్ వచ్చింది అమ్మకి, నొక్కింది నాన్న

మొన్న ఎలక్షన్ల ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. అమ్మ ఫోన్ మోగింది. ఎత్తితే రికార్డెడ్ గొంతు: ఈ పార్టీకైతే ఒకటి నొక్కండి, ఆ పార్టీకైతే రెండు నొక్కండి. అమ్మ వెంటనే "ఏవండీ, ఎలక్షన్ల కాలంట, మీరు చూడండి" అని ఫోన్ నాన్నకి ఇచ్చేసింది. ఆయన టకటకా నొక్కేశారు. మగవాళ్లైతే ఒకటి అన్నప్పుడు ఒకటి. అంటే కాల్ వచ్చింది అమ్మకి, లెక్కలోకి వెళ్లింది నాన్న.

ఇది చిన్న విషయం కాదు. ఎందుకో చూద్దాం.

ముందు మీ నంబర్ వాళ్లకెలా దొరికింది? చాలాసార్లు దొరకదు, తయారవుతుంది. మొబైల్ నంబర్‌లో మొదటి అంకెలు ఆపరేటర్‌నీ సర్కిల్‌నీ బట్టి ఇస్తారు. మిగతా అంకెల్ని కంప్యూటర్ లాటరీ తీసినట్టు వేసి డయల్ చేస్తుంది. ఇదే ర్యాండమ్ డయలింగ్. మనకిక్కడ ఒక తిరకాసుంది: రాష్ట్రం రెండైనా ఏపీ, తెలంగాణ టెలికాం సర్కిల్ ఒకటే. పైగా హైదరాబాద్‌లో ఉంటూ ఓటు భీమవరంలో ఉన్నవాళ్లు బోలెడు. అందుకే నంబర్‌ని నమ్మకుండా, మీ ఓటు ఎక్కడ అని అడగాల్సిందే. కాల్ చేసినవాళ్లు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచారా? అయితే అది ర్యాండమ్ కాదు, మీ నంబర్ ఏదో లిస్టులోంచి వచ్చింది.

1000 మంది సరిపోతారా అని కామెంట్లలో అడుగుతుంటారు. నిజంగా ర్యాండమ్‌గా దొరికితే రాష్ట్రం మొత్తం ఓట్ల శాతం అటూ ఇటూ 3 శాతం తేడాతో చెప్పొచ్చు. సీట్లు మాత్రం వేరే కథ. ఏపీలో 175 సీట్లు, అంటే సీటుకి ఆరుగురు కూడా రారు! 2024లో వైసీపీకి 39 శాతం పైగా ఓట్లొచ్చాయి, సీట్లు 11. శాతాన్ని సీట్లుగా మార్చేది సర్వే కాదు, అంచనా.

అసలు చిక్కు, కాల్ ఎత్తనివాళ్లతో. అమెరికాలో ప్యూ రీసెర్చ్ ఫోన్ సర్వేలకి 1997లో 36 శాతం మంది జవాబిచ్చేవాళ్లు, 2018కి అది 6 శాతం. మన దగ్గర ఇంకోటి కలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు దేశంలో సుమారు 54 శాతమే.

దీన్ని సరిచేయడానికి వెయిటింగ్ అంటారు. 1000 జవాబుల్లో ఆడవాళ్లవి 300 వచ్చాయనుకోండి, ఉండాల్సింది 500. అప్పుడు ఒక్కో ఆమె జవాబుని 1.67గా, ఒక్కో మగాయన జవాబుని 0.71గా లెక్కేస్తారు. కోడ్‌లో రెండు లైన్ల పని. కానీ ఆ 300 మంది, కాల్ ఎత్తని మిగతా ఆడవాళ్లలాగే ఆలోచిస్తారని మనమే అనుకుంటున్నాం. ఫోన్ ఎత్తి తనే నొక్కే ఆమె, ఫోన్ భర్తకిచ్చే మా అమ్మ ఒకేలా ఓటేస్తారా?

అమ్మనే అడిగా, నువ్వైతే ఏం నొక్కేదానివని. "అది నీకెందుకురా" అంది.