తలుపుకు తెలిసింది నంబరే

ఒకే అంతస్తులో ఇరవై కంపెనీలు. ఒక గదిలో ముగ్గురు, పక్క గదిలో ముప్ఫై మంది, మధ్య హాల్లో రోజు లెక్కన టేబుల్ అద్దెకు తీసుకున్నవాళ్లు. కాఫీ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి ఏ కంపెనీలో పనిచేస్తాడో పక్కవాడికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబెర్గ్ అనే ప్రోగ్రామర్ 2005లో మొదలుపెట్టిన కోవర్కింగ్ పద్ధతి ఇది. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వెళ్తే ఇప్పుడు ఇలాంటి ఆఫీసు లేని వీధి దొరకడం కష్టం.

సొంత ఆఫీసు గుమ్మం దగ్గర వాచ్‌మన్‌కు ముఖాలు తెలుసు. కొత్తవాడు కనిపిస్తే "ఎవరు కావాలి సార్?" అని ఆపేవాడు. షేర్డ్ ఆఫీసుకు రోజూ వచ్చేవాళ్లలో చాలామంది కొత్తవాళ్లే. అందుకని గుర్తుపట్టే పనిని మనిషి చేతిలోంచి తీసి, మెడలో వేలాడే కార్డుకు, గోడమీది రీడర్‌కు, దాని వెనకున్న జాబితాకు అప్పగించాం. వాచ్‌మన్ చూసింది మనిషిని. రీడర్ చదివేది నంబరును. ఆ నంబరు ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. షేర్డ్ ఆఫీసుల భద్రతలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ తేడా దగ్గరే పుడుతున్నాయి.

కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని తీగచుట్ట ఒకటి, చిన్న చిప్పు ఒకటి, అంతే. రీడర్‌లోనూ ఒక తీగచుట్ట ఉంటుంది. అందులోని కరెంటు పాత రకాల్లో సెకనుకు 1,25,000 సార్లు, కొత్త రకాల్లో 1 కోటీ 35 లక్షల 60 వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాంతో రీడర్ ముందున్న అయస్కాంత క్షేత్రం కూడా అదే వేగంతో మారుతూ ఉంటుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టను ఉంచితే అందులో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే కనుక్కున్నాడు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. కార్డు దగ్గరికి రాగానే దాని చుట్టలో పుట్టే ఆ కాస్త కరెంటుతో చిప్పు మేల్కొంటుంది.

చిప్పు జవాబిచ్చే తీరు ఇంకా అందంగా ఉంటుంది. అది సొంతంగా రేడియో తరంగాలేవీ పుట్టించదు. తన చుట్ట మీద పడే భారాన్ని ఒక వరసలో పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. కార్డు ఎక్కువ కరెంటు లాగిన ప్రతిసారీ రీడర్ చుట్టలోని వోల్టేజి ఇసుమంత మారుతుంది. ఆ ఎగుడుదిగుళ్లనే రీడర్ ఒకట్లుగా, సున్నాలుగా చదువుకుంటుంది. చుట్ట సైజు దాటి దూరం పోయేకొద్దీ ఈ క్షేత్రం వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతే మిగులుతుంది. కార్డును రీడర్‌కు దాదాపు ఆనించాల్సి రావడం అందుకే. ఇలా బ్యాటరీ లేని కార్డుతో తలుపు తాళం తీసే పద్ధతికి అమెరికాలో చార్లెస్ వాల్టన్ 1973లో పేటెంట్ పొందాడు. అంటే ఈ సాంకేతికత వయసు యాభై ఏళ్లు దాటింది.

125 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే పాత రకం కార్డుకు తెలిసిన పని ఒక్కటే. కరెంటు అందగానే తన నంబరును పదేపదే చెబుతుంది. అడిగింది ఎవరని చూడదు. ఎక్కువగా వాడే 26 బిట్ల పద్ధతిలో 8 బిట్లు భవనం కోడ్, 16 బిట్లు కార్డు నంబరు, మిగిలిన రెండూ చదవడంలో పొరపాటు జరిగితే పట్టుకోవడానికి. కోడ్లు 256, ఒక్కో కోడ్ కింద కార్డులు 65,536. మొత్తం కలిపినా 1 కోటీ 68 లక్షలు దాటవు. ప్రపంచంలో ఉన్న ఆఫీసులన్నిటికీ ఇవి చాలవు కాబట్టి, ఒకే నంబరున్న కార్డులు రెండు ఊళ్లలో ఉండటానికి అవకాశం ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ నంబరు విన్న పరికరం ఏదైనా దాన్ని మరో ఖాళీ కార్డులోకి ఎక్కించగలదు. ఆలీబాబా చెట్టెక్కి దొంగల నాయకుడి మంత్రం విన్నాడు, తర్వాత అదే మంత్రం చదివి గుహలోకి వెళ్లాడు. మంత్రం సరిగ్గా ఉందా అనే గుహ చూసింది, చదివింది నాయకుడేనా అని చూడలేదు. చవగ్గా దొరికే ఏర్పాట్లలో ఈ కార్డులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

నంబరును బాహాటంగా చెప్పకుండా, ముందు రీడర్‌నూ కార్డునూ రహస్యంగా పరిచయం చేయాలన్న ఆలోచనతో 1994లో మైఫేర్ క్లాసిక్ కార్డు వచ్చింది. ఇందులో 48 బిట్ల తాళంచెవి ఉంటుంది. సాధ్యమయ్యే తాళంచెవులు 281 లక్షల కోట్లకు పైనే. లండన్ ప్రజా రవాణాలో వాడే ఆయిస్టర్ కార్డు మొదలుకొని ఎన్నో దేశాల్లో ఆఫీసు కార్డుల దాకా ఇది పాకిపోయింది. దీని సాంకేతిక లిపి పేరు క్రిప్టో-1. అది ఎలా పనిచేస్తుందో తయారీదారులు బయటపెట్టలేదు. ఆ గోప్యతే బలమని నమ్మారు. తాళం నిర్మాణం శత్రువుకు పూర్తిగా తెలిసిపోయినా తాళంచెవి దొరకనంతవరకు భద్రంగా ఉండేదే మంచి లిపి అని గుప్తలిపి పండితుడు ఆగస్ట్ కెర్కోఫ్స్ 1883లోనే రాశాడు. దాన్ని ఇక్కడ పట్టించుకోలేదు.

2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఒక సమావేశంలో కార్స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ అనే పరిశోధకులు ఆ గోప్యత తెర తీశారు. కార్డులోంచి చిప్పును బయటికి తీసి, పొర తర్వాత పొర అరగదీసి, ఒక్కో పొరనూ మైక్రోస్కోపు కింద ఫొటో తీసి, అందులోని లాజిక్ గేట్లను గుర్తుపట్టి లిపి నిర్మాణాన్ని తిరిగి రాబట్టారు. అప్పుడు బయటపడిన లోపం చూస్తే బాధేస్తుంది. కార్డు ప్రతిసారీ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించాలి. కానీ ఆ సంఖ్య 16 బిట్ల యంత్రంలోంచి వచ్చేది, అంటే 65 వేల పైచిలుకు స్థితులు మాత్రమే. పైగా కార్డుకు కరెంటు అంది ఎంతసేపైందన్న దాన్ని బట్టి ఏ సంఖ్య వస్తుందో తేలిపోయేది. సమయాన్ని అదుపులో పెట్టుకున్నవాడికి అక్కడ యాదృచ్ఛికత అంటూ ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కార్డుల తాళంచెవులను కొద్ది సమయంలోనే రాబట్టి చూపించారు. ప్రభుత్వ భవనాల తలుపులకూ అవే కార్డులు వాడుతున్నారు కాబట్టి, 2008 మార్చిలో ముందుగా తమ ప్రభుత్వాన్ని హెచ్చరించారు. తర్వాత పరిశోధన పత్రం ప్రచురించబోతే, చిప్పు తయారుచేసే ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ ఆపమని కోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది జులైలో ఆర్నెమ్ కోర్టు కంపెనీ అభ్యర్థనను తోసిపుచ్చింది. ఆ తీర్పు సరైనదని నా నమ్మకం. లోపం ఉన్నది కార్డులో, దాని గురించి చెప్పే పత్రంలో లేదు. పత్రాన్ని ఆపినంత మాత్రాన తలుపు గట్టిపడదు, తలుపు వెనక పనిచేసేవాళ్లకు తమ పరిస్థితి తెలియకుండా పోతుంది, అంతే.

మైఫేర్ క్లాసిక్ తర్వాతి కార్డుల్లో డెస్‌ఫైర్ కొత్త రకాల వంటివి ఏఈఎస్ అనే లిపిని వాడతాయి. ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు రూపొందించిన ఆ లిపిని అంతర్జాతీయ పోటీలో అందరి ముందూ పరీక్షించాకే అమెరికా 2001లో ప్రమాణంగా స్వీకరించింది. దాని నిర్మాణం ఎవరైనా చదువుకోవచ్చు. ఈ కార్డుల్లో రీడర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. కార్డు దాన్ని తన రహస్య తాళంచెవితో మార్చి తిప్పి పంపుతుంది. రీడర్‌ను కార్డు కూడా అలాగే పరీక్షిస్తుంది. తాళంచెవి మాత్రం ఎప్పుడూ గాల్లోకి రాదు. పక్కన ఎవరైనా మొత్తం సంభాషణ విన్నా, రేపటి ప్రశ్న వేరే కాబట్టి నేటి జవాబు పనికిరాదు.

కానీ మంచి కార్డు కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. ప్రతి కార్డుకూ పుట్టుకతో వచ్చే ఒక సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని చదవడానికి ఏ తాళంచెవీ అక్కర్లేదు. తాళంచెవులు ఎక్కించి, వాటిని భద్రపరిచే శ్రమ ఎందుకని కొందరు ఇన్‌స్టాలర్లు రీడర్‌ను ఈ సీరియల్ నంబరు చదవడానికే అమర్చి వెళ్లిపోతారు. ఖరీదైన కార్డు మళ్లీ ఆలీబాబా మంత్రం స్థాయికి దిగిపోతుంది. బయటినుంచి చూస్తే ఏ తేడా కనిపించదు, బీప్ అదే, పచ్చ లైటు అదే. రీడర్ నుంచి, తలుపు తీయాలో లేదో తేల్చే లోపలి కంట్రోలర్‌కు వెళ్లే తీగ సంగతీ ఇంతే. దశాబ్దాలుగా వాడుతున్న వీగాండ్ పద్ధతిలో నంబరు ఆ తీగలో ఏ రక్షణా లేకుండా నడుస్తుంది. గుప్తీకరించి పంపగల ఓఎస్‌డీపీ పద్ధతి 2020లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంకా చవక ఏర్పాట్లలో రీడరూ కంట్రోలరూ ఒకే డబ్బాలో ఉంటాయి, ఆ డబ్బా తలుపుకు బయట గోడమీద ఉంటుంది. తాళం తీసే తీగలు వీధివైపు పెట్టినట్టే లెక్క. తలుపు తీయాలా వద్దా అన్న నిర్ణయం ఎప్పుడూ లోపలి గదిలో జరగాలి.

ఇక జాబితా. ఉద్యోగం మానేసినవాళ్ల పేరు తీసేయమని షేర్డ్ ఆఫీసు మేనేజర్‌కు చెప్పాల్సింది వాళ్ల కంపెనీ. కంపెనీ చెప్పడం మర్చిపోతే మేనేజర్‌కు తెలిసే దారి లేదు. ఈ ఇద్దరి మధ్య సందులో పాత కార్డులు నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే ప్రతి కార్డుకూ అద్దె గడువుతో పాటే ముగిసే తేదీ పెట్టాలి, పొడిగించమని అడిగితేనే పొడిగించాలి. ఇంటర్నెట్ పోయినా తలుపు పనిచేయాలని కంట్రోలర్ తన దగ్గర జాబితా నకలు ఒకటి ఉంచుకుంటుంది. లైను తెగి ఉన్నంతసేపు కొత్తగా రద్దుచేసిన కార్డుల సంగతి దానికి అందదు. దీన్నీ లెక్కలో ఉంచుకోవాలి.

ఇన్ని చేసినా, ముందు మనిషి కార్డు చూపించి తలుపు తీస్తే వెనకే ఇంకొకరు వచ్చేయొచ్చు. ల్యాప్‌టాప్ సంచీ, టిఫిన్ బాక్సూ పట్టుకుని వస్తున్నవాళ్ల ముఖం మీద తలుపు వేయడానికి మనకు మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. ఆ మర్యాదను తప్పుపట్టే భద్రతా బోర్డులు నాకు నచ్చవు. ఉమ్మడి హాలు వరకు ఎవరైనా రాగలరన్న లెక్కతో, ఒక్కో కంపెనీ గదికీ, సర్వర్ ర్యాక్‌కూ విడిగా తాళం ఉండేలా కట్టుకోవడం మేలు.

కార్డు మనిషిని గుర్తించలేదు కాబట్టి వేలిముద్రో ముఖమో పెడదామంటారు. వేలిముద్ర కూడా యంత్రం లోపలికి వెళ్లాక నంబర్ల వరుసే. యొకొహామా జాతీయ విశ్వవిద్యాలయంలో సుతోము మత్సుమొతో బృందం 2002లో జెలటిన్‌తో చేసిన కృత్రిమ వేళ్లతో అప్పటి వేలిముద్ర యంత్రాలు పదకొండింటిని మోసగించి చూపించింది. యంత్రాలు ఆ తర్వాత మెరుగుపడ్డాయి. మారనిది ఒకటుంది. కార్డు పోతే ఇంకో కార్డు ఇస్తారు, వేలిముద్ర బయటికి పోతే ఇంకో వేలు ఇవ్వలేరు. ఆరు నెలలు టేబుల్ అద్దెకు తీసుకున్న మనిషి తన ముఖాన్ని ఏ కంపెనీ సర్వర్‌లోనో శాశ్వతంగా వదిలిపోవాలా? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సేకరించిన సమాచారం దేనికోసమో ముందుగా చెప్పాలి, ఆ పని తీరాక చెరిపేయాలి. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అన్న తలుపు లెక్కలకూ ఇదే వర్తిస్తుంది.

చివరగా తాళం. గాజు తలుపు పైన కనిపించే పొడవాటి డబ్బా ఒక విద్యుదయస్కాంతం. తలుపుకు బిగించిన ఇనుప పలకను అది పట్టుకుంటుంది. సాధారణంగా వాడేది సుమారు 270 కిలోల లాగుడును తట్టుకుంటుంది. దానికి కావలసింది 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే 6 వాట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కన్నా తక్కువ. కదలని వస్తువును పట్టుకుని ఉండటానికి భౌతికశాస్త్రం లెక్కలో పని జరగదు, ఆ 6 వాట్లూ తీగచుట్ట వేడెక్కడానికే పోతాయి. పలకకూ అయస్కాంతానికీ మధ్య కాగితమంత సందు పడినా పట్టు బాగా తగ్గిపోతుంది కాబట్టి, తలుపు కాస్త వాలితే తాళం పేరుకే మిగులుతుంది. కరెంటు పోతే పట్టు మొత్తం పోతుంది. అందుకని 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి పెడతారు. లెక్కకు 14 గంటలు రావాలి, రీడరూ కంట్రోలరూ కూడా దాన్నే తాగుతాయి కాబట్టి అంత రాదు.

కరెంటు పోతే తెరుచుకోవడం ఈ తాళానికి లోపమని కొందరు యజమానులు అనుకుంటారు. నిజానికి దాన్ని ఎంచుకోవడానికి కారణమే అది. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వేస్ట్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. దొంగతనాలు జరగకుండా, పనివాళ్లను ఒకే దారిలో పంపి సంచులు తనిఖీ చేయడానికి, తొమ్మిదో అంతస్తులో ఒక మెట్లదారి తలుపుకు తాళం వేసి ఉంచారు. 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బతుకుతెరువుకు వలసవచ్చిన యువతులు. సరుకు కోసం వేసిన తాళం వాళ్లకు దారి మూసేసింది. బయటికి వెళ్లే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 కూడా చెబుతోంది.

కాబట్టి వెళ్లేటప్పుడు కూడా కార్డు అడిగే తలుపు మీ ఆఫీసులో ఉంటే, దాని పక్కన పచ్చ రంగు అత్యవసర డబ్బా ఉందో లేదో చూడండి. ఆ డబ్బా నొక్కితే తాళానికి వెళ్లే కరెంటు నేరుగా తెగాలి, కంట్రోలర్‌ను అడిగి తెంచేలా ఉండకూడదు. ఫైర్ అలారం మోగినప్పుడు అంతస్తులోని అయస్కాంత తాళాలన్నీ వాటంతట అవే వదిలేయాలి. వచ్చే ఫైర్ డ్రిల్ రోజున, బ్యాటరీ పనిచేస్తూ ఉండగానే ఈ రెండూ మీ కళ్లముందు చేసి చూపించమని మేనేజర్‌ను అడగండి.